కడగని పెనం

పంది మాంసం గురించి రాయబోతున్నాను. ముక్కు మూసుకునేవాళ్లు ఇక్కడే మూసుకోవచ్చు. నాకు డెబ్బై మూడేళ్లు నిండాయి. ఇతరుల ముక్కుల కోసం ఇంకా ఎంతకాలం ఆగాలి?

మేం రాళ్లు కొట్టేవాళ్లం. కులం పేరు చెప్పనక్కర్లేదు. పని చెబితే చాలు, మిగతాది ఎదుటివాడే పూరించుకుంటాడు. నేను బడికి పోలేదు, ఉలే నాకు అక్షరాలు నేర్పింది. రోడ్డు పక్కన పాతే మైలు రాళ్ల మీద ఊళ్ల పేర్లు చెక్కడం మా నాయన పని. మేస్త్రీ సుద్దతో రాసిచ్చిన గీతల మీదుగా నేను ఉలి నడిపేవాణ్ణి. అలా చదవడం రాకముందే చెక్కడం వచ్చింది. ఒకరోజు బస్సు నెత్తిన ఉన్న బోర్డు మీద, పొద్దున నేను చెక్కిన గీతలే కనిపించాయి. ఆ బస్సు పోయే ఊరి పేరు అది! పరుగెత్తుకుంటూ పోయి కండక్టరును అడిగి మరీ రూఢి చేసుకున్నాను. ఆనాటి నుంచి కనిపించిన కాగితమల్లా చదివాను. బజ్జీల పొట్లాలు, సిమెంటు బస్తాలు, గోడ మీది ఎన్నికల రాతలు, ఏదీ వదల్లేదు. ఇప్పటికీ చేతిలోకి వచ్చిన కాగితాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవందే కింద పెట్టను.

మా బిడ్డ, అల్లుడు నిజాంపేటలో చదువుకునే పిల్లల హాస్టల్ నడుపుతారు. ఆ ఇంట్లో మనిషి కాలు చాపే జాగా లేదు. మనవరాలికి మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చాక గచ్చిబౌలిలో రెండు గదుల ఫ్లాట్ కిరాయికి తీసుకుని, నన్నూ మా ముసల్దాన్నీ తన దగ్గర పెట్టుకుంది. ఇంటి ఓనరు ఎదురు ఫ్లాట్‌లోనే ఉంటాడు. గోదావరి వైపు మనిషి, సర్కారు కొలువు చేసి రిటైరయ్యాడు. మాట మెత్తన.

ఫ్లాట్ చూడ్డానికి వెళ్లిన రోజు ఆయన కాఫీ ఇప్పించి, గొంతు సవరించుకుని అడిగాడు.

"ఏమీ అనుకోకండి. నాన్‌వెజ్ తింటారాండీ?"

నేను నోరు తెరిచేలోగా మా ముసల్ది అందుకుంది. "కోడి, యాట సారూ. అంతే."

అంతే! ఆ మాట నా గొంతులో చేపముల్లులా అడ్డం పడింది. ఇంటికొచ్చాక అడిగాను.

"ఏమే, అంతేనా? నీ పెండ్లి విందుల ఏం పెట్టిన్రు మరి? మా అమ్మ ఏం పెట్టి పెంచింది నన్ను?"

"ఇల్లు కావాల్నా, వద్దా? నీ కోపానికి తలుపులుండవు, గోడలుండవు. దాంట్ల సంసారం చేయలేం" అంది.

ఆమె భయానికి ఒక కారణం ఉంది. నేను మర్చిపోదామన్నా మర్చిపోలేనిది. అప్పటికి ఈ గాజు మేడలు లేవు. మాదాపూర్ అంటే రాతి గుండ్లు, గుండ్ల మధ్య సీతాఫలం పొదలు, పొద్దంతా సుత్తి చప్పుడు. ఇప్పుడు పిల్లలు లిఫ్టుల్లో ఎక్కే ఎత్తులన్నీ అప్పుడు మేం దిగగొట్టిన ఎత్తులే. ఒక ఇంటి వెనక రేకుల గదిలో కిరాయికి ఉండేవాళ్లం. ఒక ఆదివారం ఆమె పంది కూర వండింది. వాసన పట్టుకుని ఇంటాయన వచ్చాడు. పొయ్యి మీది గిన్నెను గుడ్డతో పట్టుకుని తీసుకెళ్లి రోడ్డు మీద బోర్లించాడు. గుడ్డతో పట్టుకున్నాడు, చెయ్యి కాలకుండా! అంత కోపంలోనూ ఎంత జాగ్రత్త! అప్పుడు మా బిడ్డ ఆమె కడుపులో ఉంది. వంగలేక వంగి, గిన్నెను మాత్రం తీసుకుంది. పొద్దు గూకేలోగా సామాను నెత్తిన పెట్టుకుని మేం వెళ్లిపోయాం.

ఆ తర్వాత ఎక్కడ ఉన్నా ఇదే వరస. పంది గిన్నె వేరు, అది గోనె సంచి కింద ఉంటుంది. తలుపేసి వండాలి. మాట్లాడకుండా తినాలి. ఆఖరి ముద్ద గొంతు దిగకముందే ఆమె లేచి గిన్నెను బూడిదతో తోమేసేది. ఆ పైన ఊదుబత్తి. మా ఇంట్లో దేవుడికి ఎన్ని ఊదుబత్తులు వెలిగాయో తెలియదు గానీ, పందికి మాత్రం కట్టలకు కట్టలు వెలిగాయి.

ఇలా ఉండగా మనవరాలు ఆఫీసులో టీమ్ లీడ్ అయింది. ఆ సంతోషంలో మమ్మల్ని మాదాపూర్‌లో ఒక పెద్ద హోటల్‌కు తీసుకెళ్లింది. చేతికి అట్టంత మెనూ ఇచ్చారు. నా అలవాటు తెలుసు కదా, మొదటి నుంచీ చదువుతూ పోయాను. ఇంగ్లీషు నేను కూడబలుక్కునే చదువుతాను. మూడో పేజీలో వేలు ఆగిపోయింది. పోర్క్ చాప్స్! చిన్న అక్షరాల్లో కాదు, దొంగచాటుగా కాదు, కోడికీ చేపకూ మధ్యలో, దర్జాగా!

"ఇది పందేనా?" అని అరిచినట్టే అడిగాను.

"తాతా, మెల్లగ! ఆ, అదే" అంది మనవరాలు నవ్వుతూ.

చుట్టూ చూశాను. మెడలో ఆఫీసు కార్డులు వేలాడేసుకున్న పిల్లలు పక్క బల్ల మీద అదే కోసుకుని తింటున్నారు. నాకు ఒకేసారి కోపమూ సంబరమూ వచ్చాయి. మా గిన్నెను బోర్లించిన నేల ఇక్కడికి రాయి విసిరితే తగిలేంత దూరం. అదే నేల మీద ఇవాళ తెల్ల పింగాణీ పళ్లెంలో పంది వడ్డిస్తున్నారు, పైన కొత్తిమీర కూడా చల్లి!

తెప్పించుకుని తిన్నాను. ఏం చెప్పను! ఎముక పక్కన కొవ్వు అంచు కరకరలాడుతోంది, లోపల ముక్క మెత్తగా రసంతో ఉంది. పైన పోసిన సాస్ మరీ గొప్పగా ఉంది. సాస్ అంటే సీసాలో ఉండే ఎర్ర నీళ్లనుకునేవాణ్ణి. ఇది మిరియం, వెల్లుల్లి, మాంసం కలిసి ఒక్క చెంచాలో కుదురుకున్నట్టుంది. మా ముసల్ది మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిమ్మ సోడా తాగింది.

"జర తినవే" అన్నాను.

"ఇంత మందిల ఎట్ల తింటనయ్యా" అంది. కళ్లు మాత్రం పళ్లెం మీదే ఉన్నాయి.

నేను ఊరుకోలేదు. వంటవాణ్ణి పిలవమన్నాను. భుజం మీద తువ్వాలుతో నడి వయసు మనిషి వచ్చాడు. ఏదో తప్పు జరిగిందనుకుని భయపడుతూ వచ్చాడు పాపం. సాస్ ఎట్లా చేస్తారని అడిగేసరికి మొహం విప్పారింది.

"ఏం లేదు పెద్దాయనా. ముక్కలు కాల్చి తీసినంక పెనం కడగొద్దు. అడుగుకు పట్టుకున్నదే అసలు సరుకు. దాంట్లనే ఉల్లిగడ్డ వేసి, నీళ్లు పోసి, కట్టెగరిటెతోని గోకాలె. గంతే."

జీవితమంతా మేం భయపడి బూడిదతో తోమేసింది ఇదేనన్న మాట! అడుగంటిందని, వాసన వస్తుందని, ఎవరైనా చూస్తారని కడిగి పారబోసిందే రుచి!

ఆ క్షణమే నిశ్చయించుకున్నాను. ఇంట్లో వండాలి. కిటికీలు తెరిచి వండాలి. మా ముసల్ది బల్ల ముందు కూర్చుని, తొందర లేకుండా, గిన్నె గుర్తు లేకుండా ఒక్కసారి తినాలి. ఓనరు ఖాళీ చేయమంటే? చేయమననీ అని నేననుకున్నాను. కానీ సామాను కట్టేది ఎప్పుడూ ఆమే. అందుకే మనవరాలిని అడిగాను.

"అగ్రిమెంట్‌ల అట్లేం రాయలే తాతా. నేను చదివిన."

నేనూ చదివాను, రెండుసార్లు. పెంపుడు జంతువులు వద్దని ఉంది గానీ, వండిన జంతువుల మాట ఎక్కడా లేదు.

ఆదివారం పొద్దున్నే, గాజు పెట్టెలో మాంసం చల్లగా ఉంచి అమ్మే దుకాణానికి పోయాను. ఎముకతో సహా, బొటనవేలంత మందాన నాలుగు ముక్కలు కోయమన్నాను. దుకాణం మనిషి కోసిచ్చాడు, బాగానే ఉంది. చివర్లో నల్ల కవరు తీశాడు.

"నల్లదెందుకు?"

"పోర్క్ కదా అంకుల్. అందరూ గిట్లనే తీస్కపోతరు."

"కోడికి తెల్ల కవరు ఇస్తున్నవ్ కదా?"

"కోడిది వేరే..."

"ఏం వేరే? నేను దొంగతనం చేసిన్నా? పైసలిచ్చి కొన్న. తెల్ల కవరు ఇయ్యి."

వెనక నిలబడ్డ ఇద్దరు నవ్వారు. అతను తెల్ల కవరు ఇచ్చాడు. లోపలి ముక్కలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. దాన్ని జెండాలా పట్టుకుని నడిచాను. ఆ నడకే వేరు!

ఆ నడక లిఫ్టు దాకానే. లోపల ఓనరు, చేతిలో పాల ప్యాకెట్లు. కవరు వైపు చూసి చిరునవ్వు నవ్వాడు.

"ఆదివారం స్పెషలాండీ? మటనా?"

నేను "ఆ" అన్నాను.

అవును, అన్నాను. దుకాణంలో అంత గొంతు చించుకున్నవాణ్ణి, లిఫ్టులో ఒక్క అక్షరంతో పారిపోయాను. ఐదో అంతస్తు వచ్చేదాకా నేల చూపులు చూస్తూ నిలబడ్డాను. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

వంటగదిలోకి అడుగుపెట్టగానే సిగ్గు పక్కకు పోయి సంబరం మళ్లీ ఎక్కింది. వెల్లుల్లి, మిరియాలు రోట్లో కచ్చాపచ్చాగా దంచాను. కాస్త బెల్లం తురుము, రెండు నిమ్మకాయల రసం, ఉప్పు, పల్లీ నూనె కలిపి ముక్కలకు రెండు వైపులా పట్టించాను. మనవరాలు ఫోన్‌లో చూసి కొలతలు చెబుతోంది. మూడు గంటలు ఫ్రిజ్‌లో పెట్టాం. ఆ మూడు గంటల్లో ఎన్నిసార్లు ఫ్రిజ్ తెరిచానో లెక్కలేదు.

"తెరిస్తే ఊరుతదా? మూసి పెడితే ఊరుతదా?" అంది మా ముసల్ది. ఆమె గోల వేరే. "కుక్కర్ల నాలుగు కూతలు రానీ. పందిని పచ్చిగ తింటరా ఎవరన్నా?"

"పచ్చిగ కాదు అమ్మమ్మా, బొక్క దగ్గర కోసి చూస్తం. ఎర్రగుంటే ఇంకా కాలుస్తం" అంది మనవరాలు.

"నమలనీకె మీ తాతకు పండ్లెన్ని ఉన్నయో చూసినవా?"

మధ్యాహ్నం ముక్కల్ని బయట పెట్టి చల్లదనం తగ్గనిచ్చి, తడి లేకుండా గుడ్డతో అద్దాను. ఇనుప పెనం పొయ్యి మీద పెట్టాను. వీడియోలో కుర్రాడు ఒక్కో వైపు ఇన్ని నిమిషాలని చెబుతున్నాడు. నాకు నిమిషాలెందుకు? మేం గుండు మీద కట్టెల మంట పెట్టి, కాచి, పొరలు చీల్చినవాళ్లం. ఎప్పుడు చాలో మా చెవికి తెలుస్తుంది. పెనం మీద వేయగానే సుయ్యిమని పెద్ద గొంతుతో లేచింది. కాసేపటికి ఆ గొంతు సన్నబడి చిటపటలోకి దిగింది. అప్పుడు తిప్పాను. అబ్బ! తేనె రంగు! కొవ్వు అంచును నిలబెట్టి, పట్టుకారుతో పట్టుకుని కాల్చాను. బెల్లం, వెల్లుల్లి, కొవ్వు కలిసిన వాసన వంటిల్లంతా నిండి హాలులోకి నడిచింది.

"తాతా, నువ్వు చెఫ్ అయిపోయినవ్!"

"నేను ఏనాడో అయిన. ఎవ్వరు అడగలే."

పెనం మీద రెండే పట్టాయి. ఆ రెండూ తీసి పళ్లెంలో పెట్టి గిన్నె మూత వేశాను. రసం ముక్కలోనే ఆగాలంటే కాసేపు ముట్టుకోకూడదట. పెనం అడుగున చూశాను. వంటవాడు చెప్పినట్టే ముదురు గోధుమ రంగులో, మెరుస్తూ, పొరలా పట్టుకుని ఉంది. అదే! ఉల్లిగడ్డ అప్పటికే తరిగి పెట్టుకున్నాను. ముందు బల్ల సర్దుదామని హాల్లోకి పోయి కుర్చీలు వేసి, కిటికీలన్నీ బార్లా తెరిచి, అద్దం గ్లాసులు కూడా తీయించాను. అంతా కలిపి ఐదు నిమిషాలు పట్టిందేమో.

తిరిగొచ్చేసరికి వంటింటి కిటికీ మూసి ఉంది. ఫ్యాన్ గిరగిరా తిరుగుతోంది. కిటికీ సందులో రెండు ఊదుబత్తులు పొగలు కక్కుతున్నాయి. పెనం సింకు పక్కన బోర్లించి ఉంది. తళతళలాడుతోంది.

"అయ్యో! అయ్యయ్యో! ఏం చేసినవే!"

"కడిగిన" అంది ఆమె, చేతులు కొంగుకు తుడుచుకుంటూ.

"దాంట్లనే ఉందే రుచంతా! హోటల్ల ఆయన ఏం చెప్పిండు? నీ ముంగటనే కదా చెప్పిండు!"

"నాకు యాదికి లేదయ్యా. చేతులు వాటంతటవే పోయినయ్."

అప్పుడు ఆమె చేతుల్ని చూశాను. నీళ్లకు ముడతలు పడి ఉన్నాయి. కోపం నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఆ చేతులకు ఈ పని నేర్పింది ఎవరో నాకు తెలుసు. గిన్నెను గుడ్డతో పట్టుకున్న పెద్దమనిషి. ఇన్నేళ్లుగా ఆయన మా వంటింట్లోంచి బయటికి పోనే లేదు.

సరిగ్గా అప్పుడే బెల్లు మోగింది.

మనవరాలు నా వైపు చూసింది. నేను మా ముసల్ది వైపు చూశాను. ఆమె తలుపు వైపు నడుస్తోంది. ఎందుకో ఆ పెనాన్ని కూడా చేతిలోకి తీసుకుంది, ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు. తలుపు తీసింది. ఎదురుగా ఓనరు భార్య.

"ఏం లేదండీ పిన్నిగారూ, మా హాలంతా ఒకటే వాసనండీ. ఏం వండుతున్నారా అని..."

నేను ఆమె వెనకే నిలబడ్డాను. కోడి అంటుంది. యాట అంటుంది. ఇప్పుడు నేనే అడ్డుపడి చెప్పెయ్యాలి అనుకుంటున్నాను. లిఫ్టులో పడిపోయిన నాలుక ఇంకా లేవలేదు.

మా ముసల్ది పెనాన్ని ఛాతీకి హత్తుకుని, స్పష్టంగా అంది.

"పంది మాంసం అమ్మా. మా ఆయన వండుతుండు. అంతే."

అదే మాట. ఈసారి వింటుంటే గొంతులోని ముల్లు ఊడి బయటపడినట్టయింది.

ఓనరు భార్య రెప్పలు టపటపలాడించింది. "అదేంటండీ? మావారు మటనని చెప్పారే? లిఫ్టులో మీవారే అన్నారట."

మా ముసల్ది మెల్లగా నా వైపు తిరిగింది. "నువ్వు మటన్ అన్నవా?"

నేను ఊదుబత్తుల వైపు చూశాను.

"తెల్ల కవరు తెచ్చిన అని పొద్దటి సంది ఒకటే గొప్పలు పోయినవ్! మటన్ అన్నవా?"

మనవరాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. ఓనరు భార్యకు నవ్వాలో వద్దో తెలియలేదు. "మేమైతే తినమండీ" అంది. ఆగి, "మా పూజ గది ఇటేపే ఉందండీ. తలుపు వేసి వండుకుంటే బాగుంటుంది" అంది.

"వీధి తలుపు వేస్త. కిటికీ మాత్రం తెరుస్త. పొగకు మా ఆయనకు దగ్గొస్తది" అంది మా ముసల్ది.

"సరేనండీ" అని ఆవిడ వెళ్లిపోయింది. ఆ సరేనండీలో ఏముందో మాకెవ్వరికీ అర్థం కాలేదు. ఇల్లు ఉందో పోయిందో తెలియకుండానే మేం వంటింట్లోకి తిరిగొచ్చాం.

ఆమె ఊదుబత్తులను నీళ్లలో ముంచింది. కిటికీ రెక్కలు తోసింది. కడిగిన పెనాన్ని తనే పొయ్యి మీద పెట్టింది.

"ఇంక రెండు ఉన్నయ్ కదా. కాల్చు. ఈసారి నేను సింకు దిక్కు పోను, ఇక్కడ్నే కూసుంట" అని స్టూలు లాక్కుంది.

రెండో వాయి మొదటిదానికంటే బాగా ఎర్రబడింది. ముక్కలు తీశాక అడుగున మళ్లీ ఆ పొర. ఉల్లిగడ్డ వేశాను, వెల్లుల్లి వేశాను, చిన్న గ్లాసు నీళ్లు పోశాను. భుస్సుమని ఆవిరి లేచింది. కట్టెగరిటె ఆమె లాక్కుంది.

"నువ్వు రాయి గోకినట్టు గోకుతున్నవ్. పక్కకు జరుగు."

ఇన్నేళ్లు గిన్నెల అడుగులు తోమిన చెయ్యి అది. ఒక్క చుక్క వదలకుండా గోకింది. తోమడానికి కాదు, తినడానికి. నీళ్లు గోధుమ రంగు తిరిగి, చిక్కబడి, నురగ తేలాయి. కాస్త వెన్న, నిమ్మరసం వేసి దింపాను. నాలుగు ముక్కల మీదా పోశాం. బొక్క దగ్గర కోసి చూపిస్తే వంగి చూసి, ఎరుపు లేదని ఒప్పుకుంది.

బల్ల ముందు ముగ్గురం కూర్చున్నాం. ఆమె మొదటి ముక్క నోట్లో పెట్టుకుంది. నేను తినడం మానేసి చూస్తున్నాను.

"ఎట్లుంది?"

నమిలింది. ఇంకా నమిలింది. తొందర లేదు. "ఉప్పు తక్కువైంది" అంది. తర్వాత ఎముకను చేత్తో పట్టుకుని కొరికింది. తర్వాత లేచింది. మళ్లీ కడగడానికే అనుకున్నాను. సింకు దగ్గరికి కాదు, పొయ్యి దగ్గరికి పోయింది. రొట్టె ముక్కతో పెనం తుడుచుకుని, అక్కడే నిలబడి తిన్నది. ఆ పెనం సాయంత్రం దాకా పొయ్యి మీదే ఉంది.

కానీ నా లెక్క ఒకటి మిగిలిపోయింది. సోమవారం పొద్దున నేను పాలకు పోతుంటే ఓనరు లిఫ్టులో కనిపించాడు. తలుపులు మూసుకోగానే చెప్పేశాను. "సార్, నిన్న నేను చెప్పింది అబద్ధం. మటన్ కాదు, పంది."

"మా ఆవిడ చెప్పిందండీ" అన్నాడు. ఇక ఖాళీ చేయమంటాడనుకున్నాను. ఆయన పైనున్న కెమెరా వైపు ఓసారి చూసి, నా చెవి దగ్గరికి వంగాడు.

"సర్వీసులో ఉండగా నాగాలాండ్‌లో రెండేళ్లు వేశారండీ. అక్కడ వెదురు చిగుళ్లతో వండేవారు. ఆహా... మళ్లీ తినలేదండీ. నిన్న ఆ వాసనకి నిద్రే పట్టలేదు." లిఫ్టు ఆగింది. "మా ఇంట్లో మాత్రం అనకండి."

నాకు పట్టరాని కోపం వచ్చింది. పింఛను తీసుకునే పెద్దమనిషికి, సొంత ఫ్లాట్లున్న మనిషికి కూడా దొంగ గిన్నె ఒకటుందా! పాలు తీసుకోకుండానే పైకి వచ్చి మా ముసల్దానికి మొత్తం చెప్పాను. అనొద్దన్నాడు కదా అని ఆమె అంటే, నీకు చెప్పడం అనడం కాదులే అన్నాను.

ఆమె కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. స్టూలు మీద కూలబడి మరీ నవ్వింది. చివరికి కొంగుతో మొహం తుడుచుకుని అంది.

"పాపం, వచ్చే ఆదివారం ఆయనకొక ముక్క పంపుదాం. నల్ల కవర్ల కట్టి."